చంటిది నేర్చుకున్నది

మా అత్తయ్య బస్సు కండక్టరుగా రిటైరై, రెండు పెట్టెలతో మా ఇంటికొచ్చిన వారం తిరక్కుండానే నన్ను వంటింట్లో నిలదీసింది.

"అమ్మాయ్, మీరిద్దరూ పొద్దున పోయి పొద్దుగూకాక వస్తారు. అసలు చేసే పనేమిటో నాకర్థమయ్యేలా చెప్పు. నలుగురూ అడిగితే నేనేం చెప్పుకోవాలి?"

అంతకుముందే కొడుకుని అడిగిందట. ఆయన నీళ్ళు నమిలి ఊరుకున్నాడట. మా ఆయన పాలు విరిగితే పది ప్రశ్నలు వేస్తాడు గానీ, ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే జవాబు చెప్పడు. సరే, నేనే మొదలుపెట్టాను.

"ఒక వీధి ఉందనుకోండి అత్తయ్యా. ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఏదో గొడవ. కానీ తలుపు తీసి తొంగిచూడకూడదు. చూశామా, కాపురమే కూలిపోతుంది. పక్కిళ్ళ వాళ్ళని అడగాలి. కొందరు 'ఏదో చప్పుడైంది' అంటారు, కొందరు 'ఏం లేదే' అంటారు. వాళ్ళ మాటల్ని బట్టి ఏ ఇంట్లో ఏం చెడిందో ఊహించి సరిచెయ్యాలి. క్వాంటం కంప్యూటర్లో ఆ ఇళ్ళని క్యూబిట్లంటారు. ఊపిరి తగిలితే పాడైపోయే రకం."

"అంటే ఇరుగుపొరుగు కబుర్లు పట్టుకుని కాపురాలు చక్కదిద్దడం."

"అంతే."

"ఇంతోటి దానికి ఐదేళ్ళ చదువా?" అని నవ్వి, "నా బస్సులో రోజూ జరిగేది" అంది.

ఆ వీధి కూడా మా దగ్గర ఉత్తుత్తిదే. నిజం చిప్‌లు మా ల్యాబ్‌లో లేవు. మా ఆయన రాసిన సిమ్యులేషన్ ప్రోగ్రాం కంప్యూటర్లోనే ఒక చిప్ ఉన్నట్టు నడిపించి, అందులో అక్కడక్కడా తప్పులు చల్లేది. పొరుగువాళ్ళు విన్న చప్పుళ్ళు తెర మీద చుక్కలుగా వెలిగేవి. ఆ చుక్కల్ని చూసి అసలు ఏం చెడిందో చెప్పాల్సింది నేను తయారుచేసిన న్యూరల్ నెట్‌వర్క్. లక్షల ఉదాహరణలు తినిపిస్తే తప్ప ఒక ముక్క నేర్చుకోదు కాబట్టి ల్యాబ్‌లో దానికి చంటిది అని పేరు పెట్టారు. మా ఆయన పేరు తప్పులాయన. "ఆయన చేస్తాడు, ఆవిడ పట్టుకుంటుంది, పెళ్ళికి ఇంతకంటే ఏం కావాలి" అని మా మొహం మీదే అనేవాళ్ళు. మేమూ వాళ్ళతోపాటే నవ్వేవాళ్ళం.

మా గైడు మేడమ్‌కి మాత్రం ఈ విషయంలో నవ్వులాట లేదు. తప్పులు చేసేవాళ్ళు వేరు, పట్టుకునేవాళ్ళు వేరు అని ఆవిడ పట్టు. ఆయన ఫోల్డర్లోకి నేను వెళ్ళకూడదు, నా ఫోల్డర్లోకి ఆయన రాకూడదు. మొగుడూ పెళ్ళాం ఒకరి పని ఒకరు చేసిపెట్టుకున్నారని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదన్నారు. ఆయన నాకు రెండు రకాల ఫైళ్ళు ఇచ్చేవాడు. చంటిది నేర్చుకోవడానికి కొన్ని, నేర్చుకున్నాక పరీక్ష పెట్టడానికి కొన్ని. పరీక్ష ఫైళ్ళని చంటిదానికి అప్పగించి మార్కులు చూడాలే తప్ప, తెరిచి కంటితో చూడకూడదు. చూస్తే తెలియకుండానే దానికి తగ్గట్టు నెట్‌వర్క్‌ని సర్దేస్తామని మేడమ్ భయం. ఐదేళ్ళలో నేనొక్కసారి కూడా తెరవలేదు.

నా పీహెచ్‌డీకి ఆ ఏడాదే ఆఖరి పొడిగింపు. ఎండాకాలం చివర్లో కమిటీ కూర్చుంటుంది. చేతిలో ఫలితం ఉంటే థీసిస్ రాసుకోమంటారు. లేకపోతే రిజిస్ట్రేషన్ కొట్టేసి ఇంటికి పొమ్మంటారు. ఇంతకుముందు పొడిగించినప్పుడే, ఇక ముందు దయాదాక్షిణ్యాలుండవని చెప్పేశారు. అయినా ఆ ఎండాకాలం మొదలయ్యేనాటికి నాకే దిగులూ లేదు. చలికాలంలోనే చంటిది గెలిచింది. చుక్కల్ని దగ్గరిదానితో దగ్గరిదాన్ని జతకలుపుకుంటూ పోయే పాత పద్ధతి ఒకటుంది, ప్రపంచమంతా వాడేది. దాన్ని చిత్తుచిత్తుగా ఓడించింది. ఆ ఫలితంతో మేమిద్దరం ఒక పేపరు పంపాం. మా ఆయన థీసిస్‌లో అదే ఆఖరి అధ్యాయం. ఆయన వైవా కూడా ఎండాకాలం చివర్లోనే. అది అయిపోతే వేరే ఊళ్ళో లెక్చరర్ ఉద్యోగం తయారుగా ఉంది. అక్కడ మేం అద్దెకు తీసుకోబోయే ఇంటికి అత్తయ్య అప్పుడే కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టింది. ఆ ఇంటికి ఎన్ని కిటికీలో ఎవరికీ తెలియదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో చిప్ డేటా వచ్చింది. నిజం చిప్ నడిపే ఒక సంస్థవాళ్ళు, మేడమ్ మర్యాదగా అడగ్గా అడగ్గా, కొంచెం పంపించారు. ఆ మధ్యాహ్నం అందరూ నా బల్ల చుట్టూ చేరారు. పెళ్ళిచూపుల్లో పిల్లని కూర్చోబెట్టినట్టు చంటిదాన్ని దాని ముందు కూర్చోబెట్టాను.

చతికిలబడింది. పాత పద్ధతి చేతిలో ఓడిపోయిందంటే కొంచెం గౌరవంగా ఉంటుంది. బొమ్మాబొరుసూ వేసి చెప్పేవాడికంటే కాస్త నయం, అంతే. ఒక్కొక్కరే తమ కుర్చీల్లోకి జారుకున్నారు. మేడమ్ మాత్రం ఆ అంకెల వంక చాలాసేపు చూసి, "సిమ్యులేషన్లో అంత బాగా చేసింది ఇక్కడెందుకు పడిపోయింది? నీ నెట్‌వర్క్‌లోనే ఏదో తేడా ఉంది. కమిటీకి ముందే పట్టుకో" అన్నారు.

మా ఆయన నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత నెలరోజులూ నేనెలా బతికానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది. నెట్‌వర్క్‌ని ముక్కలుముక్కలుగా ఊడదీసి మళ్ళీ పేర్చాను. పొరలు తగ్గించాను, పెంచాను. రాసిన ప్రతి లైనూ వేలు పెట్టి చదువుకున్నాను. సిమ్యులేషన్ పరీక్ష పెడితే ఎప్పటిలాగే బ్రహ్మాండంగా పాసవుతుంది, చిప్ డేటా ముందు పెడితే మూగదైపోతుంది. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బళ్ళో నోరు విప్పకపోతే తల్లిని కదా అంటారు. అందరూ నన్నే చూసేవాళ్ళు. అసలు నాకు ఈ చదువు అబ్బిందా, లేక గుడ్డిగా తగిలిన ఒక ఫలితాన్ని చూసుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయానా అనిపించేది. అద్దం ముందు నిలబడితే, ఈవిడకి బుర్రుందని ఎవరు చెప్పారు అనిపించేది.

ఒకరోజు ల్యాబ్ మెట్ల మీద మా ఆయన్ని పట్టుకున్నాను. "కొత్తగా ఒక ఫైలు చేసివ్వవా? చంటిది ఎప్పుడూ చూడనివి పెట్టి చూస్తాను."

ల్యాబ్‌లో ఆయన్ని నువ్వు అనడమే నాకలవాటు, ఇంట్లో అత్తయ్య ముందు మాత్రం మీరు.

"క్లస్టర్ ఖాళీ లేదు" అన్నాడు. ల్యాబ్ అంతా వంతులేసుకుని వాడుకునే పెద్ద కంప్యూటర్ల గుంపు అది.

"చిన్నది చాలు. ఎంతసేపు పడుతుంది?"

"మేడమ్‌వి వేరే పనులు నడుస్తున్నాయి. క్యూ చాంతాడంత ఉంది. చూస్తాలే."

తర్వాత ఇంకోసారి అడిగితే మళ్ళీ అదే మాట. మూడోసారి అడగడానికి నాకే మొహమాటమేసింది. పాపం వైవాకి చదువుకుంటున్నాడు కదా, నా తలనొప్పి ఆయనకెందుకు అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ నెలలో ఆయన నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకున్నాడు. అడక్కుండానే టీ పెట్టిచ్చేవాడు, బట్టలు ఆరేసేవాడు. ఎంత మంచివాడు దొరికాడని లోపల్లోపల పొంగిపోయాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి, ఇల్లంతా ఆవిరి పట్టినట్టుంటే, అత్తయ్య నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి తల దువ్వింది. దువ్వెన నిండా జుట్టు ఊడొచ్చింది. ఆవిడ ఆ జుట్టుని వేలికి చుట్టుకుంటూ, "బస్సులో ఏడ్చే ఆడవాళ్ళని చాలామందిని చూశానమ్మాయ్. టికెట్ చించిచ్చి, పలకరించకుండా ముందుకెళ్ళిపోయేదాన్ని. రద్దీలో అడగడానికి ఉండదు కదా. ఇంట్లో రద్దీ లేదు. చెప్పు" అంది.

"ఏం చెప్పను అత్తయ్యా? ఎక్కడో తప్పుంది. నాకు దొరకట్లేదు. దొరక్కపోతే వీళ్ళు నన్ను పంపించేస్తారు."

"వాడు సాయం చెయ్యడా?"

"ఆయనేం చేస్తారు? తప్పు నాలో ఉంటే."

అప్పుడే మా ఆయన గుమ్మంలోకొచ్చాడు. దువ్వెన వంకా, తల్లి వేలికున్న జుట్టు వంకా చూసి, వచ్చిన పని మర్చిపోయినట్టు వెనక్కి తిరిగాడు. సాయంత్రం చల్లబడ్డాక నా దగ్గరికొచ్చి, "చిప్ డేటా సంగతి వదిలెయ్. సిమ్యులేషన్ ఫలితం ఉంది కదా, దానితోనే కమిటీకి వెళ్ళు. మిగతాది తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. ఆ మాట కూడా నాకు ప్రేమగానే వినబడింది.

కమిటీ పీకల మీదికొచ్చింది. ఇక చెయ్యడానికేమీ మిగల్లేదు, చెయ్యకూడనిది తప్ప. భోజనాల వేళ ల్యాబ్ ఖాళీ అయ్యాక పరీక్ష ఫైలు తెరిచాను. మా ల్యాబ్‌లో అది జేబు కొట్టడంతో సమానం. ఏం వెతుకుతున్నానో కూడా తెలియదు. చుక్కల బొమ్మలు ఒక్కొక్కటీ తిప్పుకుంటూ పోయాను.

ఎలుక కనబడింది.

ఎలుకంటే, రెండేళ్ళ కిందట నేర్చుకునే ఫైళ్ళు ఊరికే తిరగేస్తున్నప్పుడు నా కంటబడిన ఒక బొమ్మ. చుక్కలన్నీ ఒకచోట పోగై, ఒక వరస మాత్రం తోకలా మూలకి సాగింది. అన్ని తప్పులు ఒకేసారి ఆ ఆకారంలో పడడం కోట్లలో ఒక్కసారి జరగొచ్చు, లేదా అసలు జరగకపోవచ్చు. చూసి నవ్వుకుని దానికి ఎలుక అని పేరు పెట్టుకున్నాను. అదే ఎలుక, అదే తోక, అదే మూల. ముందు పొరపాటున వేరే ఫైలు తెరిచాననుకున్నాను. మూసి మళ్ళీ తెరిచాను. ఉంది. తర్వాత నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసి, నేర్చుకునే ఫైళ్ళనీ పరీక్ష ఫైళ్ళనీ పక్కపక్కన పెట్టి పోల్చాను. మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఒకటే.

కంప్యూటర్ ఎడాపెడా తప్పులు చల్లాలంటే దానికి మొదట ఒక అంకె ఇవ్వాలి. సీడ్ అంటారు. అదే అంకె మళ్ళీ ఇస్తే అవే తప్పులు అదే వరసలో మళ్ళీ పడతాయి. మా ఆయన ప్రతి ఫైలుకూ, మా క్లస్టర్ వచ్చిన ప్రతి పనికీ తనంతట తాను ఇచ్చే జాబ్ నంబరునే సీడ్‌గా పెట్టేవాడు. ఆ నంబరు పెరుగుతూ పోవడమే తప్ప రెండోసారి రాదు, ఎప్పుడు ఏ ఫైలు కావాలన్నా ఆ నంబరుతో మళ్ళీ పుట్టించుకోవచ్చు. తెలివైన ఏర్పాటే. కానీ మొన్న వానాకాలంలో కరెంటు దెబ్బకి క్లస్టర్ కూలిపోయింది. దాని సాఫ్ట్‌వేర్ అంతా మళ్ళీ మొదటినుంచి ఎక్కించారు. జాబ్ నంబరు మళ్ళీ ఒకటి దగ్గర మొదలైంది. క్లస్టర్ కొత్తగా వచ్చినప్పుడు మొట్టమొదట వాడుకున్నది మేమే, నేర్చుకునే ఫైళ్ళు అప్పటివి. మళ్ళీ ఎక్కించాక అందరికంటే ముందు పరిగెత్తిందీ మేమే, పరీక్ష ఫైళ్ళు అప్పటివి. ఇద్దరం ఒకరి పనిలోకి ఒకరు తొంగిచూడకుండా మడి కట్టుకు కూర్చున్నాం కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అంటే పరీక్షలో వచ్చిన ప్రతి ప్రశ్నా చంటిది అంతకుముందే జవాబుతో సహా చూసేసింది. అది నేర్చుకోలేదు. బట్టీ పట్టింది.

ముందు నాకు నవ్వొచ్చింది, నమ్ముతారా? నా బుర్ర బాగానే ఉందన్నమాట. నెలరోజులుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది. గబగబా సంచీ సర్దుకుంటుంటే అర్థమైంది, తప్పు దొరికింది గానీ ఫలితం పోయింది. చలికాలం గెలుపూ, పేపరూ, ఆయన ఆఖరి అధ్యాయం, కమిటీ ముందు పెట్టాల్సిన నా గ్రాఫు గీత, అన్నీ పోయాయి. ఎండలో ఇంటిదాకా నడిచాను. ఆయనకిది ఎలా చెప్పడమా అన్నదే దారంతా నా దిగులు.

ఆయన హాల్లో వైవాకి వేసుకోబోయే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అత్తయ్య మేడమీద బట్టలు తియ్యడానికి వెళ్ళింది. చెప్పులు కూడా విప్పకుండా చెప్పేశాను.

"నేర్చుకునే ఫైళ్ళూ పరీక్ష ఫైళ్ళూ ఒకటే."

ఏ ఫైళ్ళని అడగలేదు. నీకెలా తెలిసిందని అడగలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్చి కట్టేసి, తీగ మెల్లగా చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"మీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆయన్ని మీరు అనడం అదే మొదలు.

"చిప్ డేటా వచ్చిన మర్నాడు చూశాను."

కూర్చుందామంటే కుర్చీ మీద ఆయన బట్టలున్నాయి.

"నేను కొత్త ఫైలు అడిగితే క్యూ ఉందన్నారు."

"ఏం చెప్పాలో తెలియలేదు."

"నేను అద్దంలో చూసుకుని ఏడుస్తుంటే చూశారు కదా. నా జుట్టు చూశారు కదా."

"చెప్దామనే అనుకున్నా. రోజూ అనుకున్నా. చెప్తే నీ కమిటీ పోతుంది, నా వైవా పోతుంది, ఆ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పోయేదేముంది?"

"నేను పోయాను కదండీ" అన్నాను. "నా మీద నాకున్న నమ్మకం పోయింది. అది మీకు లెక్కలోకే రాలేదా?"

ఆయన దగ్గరికొచ్చాడు, ముట్టుకోలేదు. గొంతు తగ్గించి, "ఇంకొక్క పది రోజులు ఆగుదాం. నా వైవా అయిపోతుంది, నిన్ను థీసిస్ రాసుకోమంటారు. తర్వాత మనమే బయటపెడదాం. పేపరు వెనక్కి తీసుకుందాం. చలికాలంలోపు కొత్త ఫైళ్ళతో అంతా మళ్ళీ చేద్దాం. ఎవరికి నష్టం చెప్పు?" అన్నాడు.

అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. అన్నీ నిలబడతాయి. కమిటీ ముందు ఆ గీత పెట్టి, వాళ్ళు తలలూపుతుంటే నేనూ ఊపాలి, అంతే. కానీ ఆ గీత ఏమిటో నాకిప్పుడు తెలుసు. దాన్ని చూపిస్తూ నా నోరు ఎలా పెగులుతుందో ఊహించుకోలేకపోయాను. అంతకంటే ముఖ్యంగా, ఆయన మీద నాకు ఒళ్ళు మండిపోతోంది. ఏది ధర్మమో, ఏది కోపమో అప్పుడు విడదీసి చెప్పమంటే చెప్పలేను.

అత్తయ్య బట్టల మోపుతో దిగొచ్చి మా ఇద్దరి మొహాలూ చూసింది. "ఏమైంది మీకు?" అంది. నేను ఆ మోపులో సగం అందుకుని గదిలోకి వెళ్ళిపోయాను.

పొద్దున్నే మేడమ్ గదికి బయల్దేరాను. ఆయన రమ్మనకుండానే వెంట వచ్చాడు. మేడమ్ ముందు నేనే నోరు విప్పాను. ఎలుక దగ్గర్నుంచి క్లస్టర్ కూలడం దాకా నాన్చకుండా చెప్పాను. పరీక్ష ఫైలు తెరిచానని కూడా చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు నలుపుకున్నారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"పొరపాటే. ఎవరికైనా జరిగేదే. నేనూ చూసుకోవాల్సింది" అన్నారు. తర్వాత మా ఇద్దరి వంకా మార్చిమార్చి చూసి, "ఎప్పుడు తెలిసింది?" అని అడిగారు.

"నిన్న తెలిసింది మేడమ్" అన్నాడు మా ఆయన. "తనే పట్టుకుంది."

మేడమ్ నా వైపు తిరిగారు. "అంతేనా?"

కిటికీ అవతల తోటమాలి గొట్టం పట్టుకుని మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. అవునంటే అది ఒక పొరపాటు. కాదంటే దానికి వేరే పేరుంది, ఆ పేరు పడిన మనిషిని ఏ కాలేజీలోనూ గడప తొక్కనివ్వరు. పక్కన కూర్చున్న మనిషి నా మొగుడు.

"నాకు నిన్ననే తెలిసింది మేడమ్" అన్నాను. ఆపైన ఇంకేమీ అనలేదు.

మేడమ్ కళ్ళు ఆయన మీదికి మళ్ళాయి. నేను ఆయన వైపు చూడలేదు. చివరికి ఆయనే "నాకు నెల కిందటే తెలుసు" అన్నాడు.

"నువ్వు బయటికెళ్ళమ్మా" అన్నారు మేడమ్ నాతో.

పేపరు వెనక్కి తీసుకున్నారు. ఆయన వైవా ఆగిపోయింది. ఆయన్ని పిలిచి గట్టిగా చీవాట్లు పెట్టి, ఆ ఆఖరి అధ్యాయం తీసేసి ఆర్నెల్ల తర్వాత రమ్మన్నారు. మిగతా అధ్యాయాలకి ఆ ఫైళ్ళతో పని లేదు కాబట్టి అవి నిలిచాయి. ఉద్యోగం మాత్రం ఇంకొకరికి పోయింది.

ఇక నా కమిటీ. పెద్ద బల్లకి అటువైపు వాళ్ళు, ఇటువైపు నేనొక్కదాన్నే. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"మరి మీ నెట్‌వర్క్ పనిచేస్తుందా, చెయ్యదా?" అని ఒకాయన అడిగారు.

"తెలియదండీ. ఇప్పటిదాకా దాన్ని నిజంగా పరీక్షించలేదు."

"ఐదేళ్ళ తర్వాత ఇదా జవాబు?"

"ఉన్న జవాబు ఇదేనండీ."

ఇంకొక సంవత్సరం ఇప్పించమని మేడమ్ బతిమాలారు, పాపం. నిబంధనలు ఒప్పుకోవన్నారు. నా నిజాయితీని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని, రిజిస్ట్రేషన్ కొట్టేశారు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. "అయిపోయిందత్తయ్యా" అన్నాను. ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కొడుకు పరుపు తీసుకెళ్ళి హాల్లో పడేసింది. తన పరుపు నా గదిలో వేసుకుంది. ఆయన అంతకుముందే తల్లికి అంతా చెప్పాడట. ఆవిడ నాతో ఆ సంగతి ఎత్తలేదు. ఆయనతో మాత్రం, అన్నం పెట్టేటప్పుడు కూడా, చాలా రోజులు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాల్సి వస్తే "ముందుకు జరుగు" అనేది, బస్సులో అన్నట్టు.

నెలాఖరు దాకా నా లాగిన్ పనిచేస్తుందని మేడమ్ కబురు చేశారు. ఎందుకు చేశారో అడగలేదు. ఒకరోజు ఇంట్లోంచే నా ఫోల్డర్ తెరిస్తే కొత్త ఫైళ్ళున్నాయి. నేర్చుకోవడానికి కొన్ని, పరీక్షకి కొన్ని. ఆయన ఏ మాటా చెప్పకుండా చేసి పెట్టాడు. ఐదేళ్ళలో ఆయన ఇచ్చినదాన్ని నేనెన్నడూ సరిచూసుకోలేదు. ఈసారి ప్రతి ఫైలునీ ప్రతి ఫైలుతో పోల్చాను. పాతవాటితో కూడా పోల్చాను. ఒక్క బొమ్మ కూడా కలవలేదు. అప్పుడు చంటిదాన్ని మళ్ళీ మొదటినుంచి, ఏమీ తెలియనిదాన్ని చేసి, వాటి ముందు కూర్చోబెట్టాను. డిగ్రీ రాదు, పేపరు రాదు. ఎందుకు చేస్తున్నానో అత్తయ్య అడిగితే, "దానికేమైనా తెలుసో లేదో నాకు తెలియాలి" అన్నాను.

చాలాచోట్ల ఓడిపోయింది. పాత పద్ధతే నయం. చిన్న చిప్‌ల మీద ఓడింది, పెద్దవాటి మీద ఓడింది. ఒక్కచోట మాత్రం, పక్కపక్క ఇళ్ళు రెండూ ఒకేసారి చెడిపోయే రకం తప్పుల్లో, పాత పద్ధతి గీతకి వెంట్రుకవాసి కింద దాని గీత నిలబడింది. ఆ గీత తప్పుల లెక్క, కింద ఉంటేనే గెలుపు. మళ్ళీ నడిపాను. మళ్ళీ అక్కడే నిలబడింది. పరీక్ష ఫైళ్ళు మార్చి నడిపినా అక్కడే.

సంతోషం రాలేదు, భయమేసింది. గెలిచిందంటే ఇక నేను నమ్మే స్థితిలో లేను. ఎవరికైనా చూపించాలి. అత్తయ్యకి చూపిస్తే "బాగుందమ్మా" అంటుంది. మేడమ్ దగ్గరికి వెళ్ళడానికి నేనిప్పుడు ఆవిడ విద్యార్థిని కాను. ఆ ఇంట్లో ఆ గీత చదవగలిగేది ఆయనొక్కడే.

"ఒకసారి ఇటు రండి" అన్నాను హాల్లోకి వినబడేలా.

ఆయన వచ్చి గుమ్మం దగ్గరే ఆగాడు. కుర్చీ చూపించాను. కూర్చుని, కీబోర్డు మీద చెయ్యి పెట్టబోయి, "ముట్టుకోనా?" అని అడిగాడు. ఊఁ అన్నాను. ఎక్కడెక్కడ మోసపోవచ్చో అక్కడల్లా తడిమి చూశాడు. అంకెలు విడదీశాడు, కలిపాడు, మళ్ళీ లెక్కకట్టాడు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి తెర మీద పడుతుంటే లేచి పరదా లాగి, మళ్ళీ కూర్చున్నాడు. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది నిజం" అన్నాడు. "నిజంగానే నేర్చుకుంది."

ఐదేళ్ళుగా ఆ మాట ఎవరి నోటినుంచైనా వినాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. ఆయన అబద్ధం చెప్పడం లేదని కూడా నాకనిపించింది. అయినా లోపలికి దిగలేదు.

"లేవండి" అన్నాను. "ఇంకొకసారి నేను చూసుకుంటాను."

ఆయన కుర్చీ ఖాళీ చేసి పక్కన నిలబడ్డాడు. నేను కూర్చుని మొదటి ఫైలు తెరిచాను.